తరుగు

నర్సాపురంలో మా వీధి కాలవ బురదని
తెల్లారకముందే పళ్ళేల్లో కడిగేవాళ్ళు ఇద్దరు.
కొలుముల దగ్గర ఊడ్చిన దుమ్ములోంచి
కంటికానని రజను ఏరి
దాంతోనే బియ్యం కొనుక్కునేవాళ్ళు.
ఆ పళ్ళెం తిప్పే వాటమే గుర్తొస్తుంది నాకు
పాలకొల్లు కాలవగట్టు మీది ల్యాబులో
చిటికెనవేలంత గొట్టాన్ని ఆడించినప్పుడల్లా.

గొట్టం అడుగున మూడు మిల్లీగ్రాముల బంగారం.
చెబితే తప్ప తెలీదు,
తడిసిన ఇటికపొడిలా ఉంటుంది.
కోరంగి మడచెట్టు ఆకులోంచి తీసిన జన్యువు,
ఉప్పునీళ్ళలో నిలబడి బతికే విద్య,
చుక్క నీటిలో కరిగి పక్కనే ఉంటుంది.
దాన్ని రజనుకి పట్టిస్తాను.
మెరుగు పెట్టడం అంటాను నేను.
ఆ మాట రిపోర్టులో రాయనివ్వరు మా సారు.

నాన్నకి ఫోన్లో చెప్పాను,
బంగారాన్ని తుపాకీలో పెట్టి కాలుస్తాం నాన్నా.
"దేన్ని?"
వరిని. వరి కణాల్ని.
చాలాసేపు మాట లేదు. వెనకాల గొట్టం ఊదుతున్న చప్పుడు.
"తరుగెంత?" అన్నాడు చివరికి.

అంతా తరుగే నాన్నా.
తల్లి ముక్కుపుడకలోనైనా గింజెత్తు దాస్తారని
సామెత మోసినవాళ్ళం,
ఇక్కడ గింజెత్తు కూడా వెనక్కి రాదు.
గురివింద గింజ పెట్టి బంగారం తూచినవాడివి నువ్వు.
నేను బంగారం పంపి
గింజని బతిమాలుతున్నాను.

తలుపు బిగించి లోపలి గాలి తీసేస్తాను.
ముల్లు ఇరవై ఎనిమిది దగ్గర ఆగాలి.
హీలియం ఎక్కుతుంటే పల్చటి బిళ్ళ ఉబ్బి ఉబ్బి
ఠప్.
అంతే.
దీపావళికి చెమ్మెక్కిన టపాకాయ కూడా
ఇంతకన్నా గట్టిగా పేలుతుంది.

కింద పళ్ళెంలో సగ్గుబియ్యమంత ముద్దలు,
స్వర్ణ రకం గింజల్లోంచి పెంచినవి.
స్వర్ణలోకి స్వర్ణం, అంటారు సారు.
ఆయనకి వచ్చిన జోకు అదొక్కటే.
గోడ చీలి కొన్ని అక్కడికక్కడే చస్తాయి.
కొన్నిట్లో రజను గుమ్మం దాటి
నడిగది దాకా పోకుండా ఆగిపోతుంది.
ఎక్కడో వేలల్లో ఒకదానిలో
కబురు చెప్పేసి, ఇంకేం పనిలేని చుట్టంలా
ఓ మూల కూచుంటుంది.

అంతర్వేదిపాలెం నుంచి ఏసోబు గారొచ్చారు,
పాలిథిన్ కవర్లో చేలో మట్టి పట్టుకుని.
"నాలిక మీద వేసుకు చూడమ్మా."
చూశాను.
సార్వా ఊడ్పు మూడోవారానికే ఎర్రబడిందట.
డ్రైను వెంట సముద్రం ఎదురెక్కి వచ్చిందట.
నా పళ్ళెం కేసి వంగి చూసి
"ఇది వరేనా?" అన్నారు.
వరేనండి.
"మరి దుబ్బేదీ?"
దానికింకా వేరే లేదని చెప్పలేక
టీ తెప్పించాను.

నలభై పళ్ళేలు కాల్చాం.
మందు కలిపిన మేతలో ముప్పై ఏడు నల్లబడ్డాయి.
పట్టిందో లేదో తెలియాలంటే
ఓ ముద్దని రంగునీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి.
తెల్లారి చూస్తే నాలుగు నీలం చుక్కలు.
మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.
నీలం కనిపించిన కణం ఇక బతకదు.
చూసినవి చచ్చిపోయాయి,
బతికున్నవాటిని చూడలేదు.
ఈ మాట నాన్నకి చెప్పలేదు.

వాడేసిన జల్లెడ బిళ్ళల్ని
కుక్కర్లో ఉడికించాక పారెయ్యాలి.
ఉడికిస్తాను. పారెయ్యను.
రెండేళ్ళుగా హార్లిక్స్ సీసాలో దాస్తున్నాను,
నాన్న కొలిమిలో వేస్తే
గురివింద ఎత్తైనా దిగుతుందేమో.
సామెత ఊరికే పుట్టదు.

రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు వాడు వచ్చేదాకా
పళ్ళేల మీద సెల్‌ఫోను దీపం పెట్టి కూచున్నాను.
మిగిలిన మూడింట్లో ఒకదాని అంచున
పచ్చగా ఏదో ఉంది.

బూజేమో.
రేపు చూడాలి.